వార్డు మెంబరుకు బస్సు ఛార్జీ ఎవరివ్వాలి?

మా ఆఫీసు తిరుపతి బాలాజీ కాలనీలో ఒక మందుల షాపు మీద ఉంటుంది. రెండు గదులు, ఒక ప్రింటరు, ఐదుగురు మనుషులు. పొదుపు సంఘాల ఆడవాళ్ళతోనూ, పంచాయతీల్లో గెలిచిన మహిళా వార్డు మెంబర్లతోనూ పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థ మాది. 2024 జూలైలో ఒక సాయంత్రం మా సెక్రటరీ మేడం తన ఫోను నా ముందు పెట్టి, "నువ్వు ఎం.ఏ. చదివినావు కదమ్మా, దీని సంగతి నువ్వే చూడాల" అన్నారు.

యూరప్‌లోని ఒక దాతృ సంస్థ పంపిన ప్రకటన అది. ప్రజాస్వామ్యాన్ని, పౌర సమాజాన్ని (ఇంగ్లీషులో సివిల్ సొసైటీ, అంటే ప్రభుత్వానికి బయట జనం పెట్టుకునే సంఘాలు) బలపరిచే పనులకు మూడేళ్ళ పాటు గ్రాంటు ఇస్తారట. దరఖాస్తుకు అక్టోబరు మధ్య దాకా గడువు. ఒక వ్యాసం లాంటిది రాసి, చివర ఖర్చుల పట్టిక జత చేస్తే సరిపోతుందనుకున్నాను. పది రోజుల పని అని మేడంకి మాటిచ్చాను కూడా. మూడు నెలలు పట్టింది. దసరా సెలవులు ఆఫీసులోనే గడిచాయి.

ఫారంలో మొదటి పెట్టె దగ్గరే బండి ఆగింది. 'మార్పు సిద్ధాంతం' 300 పదాల్లో రాయమన్నారు. మీరు ఈ పని చేస్తే ఇది జరుగుతుంది, అది జరిగితే ఇంకొకటి జరుగుతుంది, అట్లా చివరికి ప్రజాస్వామ్యం బలపడుతుంది అని మెట్టు తర్వాత మెట్టు చూపించాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లకు లెక్క ఉంది, ఎక్కినవాళ్ళు ఉన్నారు కాబట్టి. ఇక్కడ ఎక్కకముందే లెక్క రాసివ్వాలి.

నేను రాసింది ఇది: మహిళా వార్డు మెంబర్లకు శిక్షణ ఇస్తే వాళ్ళు సమావేశాల్లో మాట్లాడతారు, వాళ్ళు మాట్లాడితే పంచాయతీ జవాబుదారీగా మారుతుంది. చదవడానికి బాగానే ఉంది. మేడం చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. "ఇప్పుడు ఎందుకు మాట్లాడటం లేదు వాళ్ళు?"

"శిక్షణ లేక."

"ఎవరు చెప్పినారు నీకు?"

ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. ఇలాంటి దరఖాస్తులు రాసేవాళ్ళందరూ అదే అనుకుంటారేమో, ఎందుకంటే శిక్షణ అన్నది బడ్జెట్టులో పెట్టడానికి చాలా సులువైన వస్తువు. మనుషులు ఇంతమంది, రోజులు ఇన్ని, భోజనం ఇంత. గుణిస్తే అయిపోతుంది.

ఆ ఏడాది ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఇంతకంటే మంచి సందర్భం దొరకదని పుత్తూరు మీదుగా కార్వేటినగరం వైపు ఒక పంచాయతీకి పోయాను. సభ పదకొండు గంటలకు. షామియానా వేశారు, మైకు పెట్టారు, ఉపాధి పనుల జాబితా చదివారు. మన రాష్ట్రంలో పంచాయతీ సీట్లలో సగం ఆడవాళ్ళవే. ఆ ఊళ్ళోనూ సగం మంది మెంబర్లు ఆడవాళ్ళే. సభకు వచ్చింది ఇద్దరు. మూడో ఆమె కుర్చీలో ఆమె మొగుడు కూర్చున్నాడు. ఎవరూ అతన్ని లేవమనలేదు, అతనూ మొహమాటపడలేదు. పంచాయతీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న. ఆ మూడో ఆమె వయసు ముప్పై రెండని తర్వాత తెలిసింది. అంటే ఆ రోజుకి ఆమె చంటిపిల్ల.

నేను వెనక నిలబడి ఆడవాళ్ళను లెక్కపెట్టాను. తీర్మానాలు చదివేటప్పటికి 43 మంది మిగిలారు. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, నాకు తర్వాత చాలా కష్టం తెచ్చిపెట్టింది.

మధ్యాహ్నం ఎనిమిది మందితో వేపచెట్టు కింద కూర్చున్నాను. దాతలు పంపిన ప్రశ్నల కాగితాన్ని ముందు రోజు రాత్రి తెలుగు చేసుకుని పోయాను. 'మీ ఊళ్ళో పౌర సమాజం ఎంత చురుగ్గా ఉంది?' అని చదివాను. ఒకామె పక్కనామెను చూసింది. "సివిల్ సప్లైసు గురించా మేడం? బియ్యం కార్డు సంగతా?" అని అడిగింది. సివిల్ అన్న మాట నేను అనలేదు. ఇట్లాంటి కాగితాలతో వచ్చినవాళ్ళు ఇంతకుముందు అన్నారన్నమాట.

సరే, 'జవాబుదారీతనం' గురించి అడిగాను. అందరూ నిశ్శబ్దం. నేను వివరించడం మొదలుపెట్టాను. పంచాయతీ ఏం ఖర్చు పెట్టిందో, ఎందుకు పెట్టిందో, ఊరివాళ్ళకు తెలియజేయాల్సిన బాధ్యత... నా మాట పూర్తి కాకముందే ఒక పెద్దావిడ, రెండోసారి మెంబరుగా గెలిచినామె, విసుగ్గా అందుకుంది. "అడిగితే చెప్పాల. అంతే కదా? దానికింత పేరెందుకు?"

నోటుబుక్కులో ఆ మాట ఒక్కటే పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఫారంలో పెట్టేసరికి మళ్ళీ ఆ పెద్ద పేరే అయి కూర్చుంది. నాకు ఇప్పటికీ అది బాధే.

మెంబర్లు ఎందుకు మాట్లాడరన్న సంగతి ఆ చెట్టు కిందే తేలింది. సమావేశం నోటీసు సమావేశం రోజే వస్తుంది. ఒక్కోసారి సమావేశం అయిపోయాక పుస్తకం ఇంటికొస్తుంది, సంతకం పెట్టమని. ఇక టైము. "పొద్దున ఆరుకు పాలు పొయ్యాల. తర్వాత కరువు పని. సాయంత్రం అయిదున్నరకు మళ్ళీ పాలవ్యాను. నడుమ రెండు నుంచి నాలుగు దాకా చేతులు ఖాళీగా ఉంటాయి. ఆ టైములో సభ పెట్టమనండి, ఎందుకు రామో చూద్దాం" అంది పెద్దావిడ. ఉపాధి హామీ అని కాగితాల్లో ఉన్నదాన్ని మా వైపు ఇప్పటికీ కరువు పని అనే అంటారు.

శిక్షణ సంగతి నేనే ఎత్తాను. "ఇచ్చినారు కదా తిరుపతిలో. ఫైలు ఇచ్చినారు, పెన్ను ఇచ్చినారు. పొయ్యి రావడానికి నూటనలభై అయినాది. అది మాత్రం ఎవరూ ఇయ్యలే. కూలీ పోయె, ఛార్జీ పోయె."

లేవబోతుంటే అదే పెద్దావిడ ఇంకో ప్రశ్న వేసింది. "పాపా, ఆ పరాయి దేశమోళ్ళు మన పంచాయతీకి డబ్బులెందుకిస్తారు? వాళ్ళకేమొస్తాది?"

చదువుకున్న జవాబు నా దగ్గర ఉంది. మనిషి హక్కులకు ఎల్లలు లేవని ఏదో చెప్పొచ్చు. ఆమె మొహం చూస్తే ఆ మాట అనాలనిపించలేదు. నాకు తెలిసింది చెప్పాను. అక్కడి ప్రభుత్వాలు వాళ్ళ ప్రజల పన్నుల్లోంచి దీనికింత అని తీసిపెడతాయి. జర్మనీలో ఒక్కో పెద్ద పార్టీకి దగ్గరగా ఒక్కో ఫౌండేషన్ ఉంటుంది, ప్రభుత్వ డబ్బుతో బయటి దేశాల్లో ఇలాంటి పనులు చేస్తాయి. అమెరికా 1983లో, రష్యాతో పోటీ నడుస్తున్న రోజుల్లో, ప్రజాస్వామ్యం పేరుతోనే ఒక సంస్థ పెట్టింది. మంచి మనసూ ఉంటుంది, వాళ్ళ లెక్కలూ ఉంటాయి. అంతెందుకు, మనమూ ఇస్తున్నాం. కాబూల్‌లో ఆఫ్ఘన్ పార్లమెంటు భవనం మన దేశం కట్టించిందే, 2015 డిసెంబరులో ప్రధాని పోయి ప్రారంభించారు. నువ్వు ఓటేసినప్పుడు వేలికి పూసిన సిరా ఉందే, మైసూరులో తయారవుతుంది, అది చాలా దేశాల ఎన్నికలకు పోతుంది.

ఆమె తన వేలు ఒకసారి చూసుకుంది. "సిరా అయితే సరే" అంది. ఏం ఉద్దేశంతో అందో నాకు అర్థం కాలేదు, అడగలేదు.

తిరిగొచ్చి బడ్జెట్టు మళ్ళీ రాశాను. ఈసారి గర్వంగా మొదటి వరుసలోనే మహిళా వార్డు మెంబర్లకు ప్రయాణ ఖర్చు, పోయిన కూలీ అని పెట్టాను. 24 పంచాయతీలు, మూడేళ్ళు. జనం అడిగింది అచ్చంగా బడ్జెట్టులోకి వచ్చిందని నాకు భలే తృప్తి. దాన్ని తీసుకుని చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉండే మా ఆడిటర్ గారి దగ్గరికి పోయాను. చాలా ఏళ్ళుగా మా లెక్కలు చూసే మనిషి. మా ఇంటి పెద్ద లాంటివారు.

ఆయన మొదటి వరుస మీద పెన్ను ఆనించి ఆగిపోయారు. "పాపా, నన్ను జైల్లో చూడాలని ఉందా నీకు?"

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం మాలాంటి సంస్థలన్నిటికీ తెలిసిందే. మొదట 1976లో, ఎమర్జెన్సీ కాలంలో వచ్చింది. 2010లో దాని బదులు కొత్త చట్టం చేశారు. మాకు ఆ రిజిస్ట్రేషన్ ఉంది, ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకుంటాం. అయితే ఆ చట్టాన్ని నేను ఎప్పుడూ మొత్తంగా చదవలేదు. ఆయన బీరువా నుంచి పుస్తకం తీసి మూడో సెక్షన్ చూపించారు. విదేశీ డబ్బు తీసుకోకూడనివాళ్ళ జాబితా అది. ఎన్నికల అభ్యర్థులు, జడ్జీలు, ప్రభుత్వ ఉద్యోగులు, రాజకీయ పార్టీలు, పత్రికల సంపాదకులు, ఆఖరికి కార్టూనిస్టులు కూడా. అందులోనే చట్టసభల సభ్యులు.

"చట్టసభ అంటే ఎమ్మెల్యేలు, ఎంపీలు కదా సార్. వీళ్ళు వార్డు మెంబర్లు."

ఆయన పేజీ వెనక్కి తిప్పారు, రెండో సెక్షన్‌కి, నిర్వచనాల దగ్గరికి. ఈ చట్టం వరకు చట్టసభ అంటే పార్లమెంటు, అసెంబ్లీలతో పాటు మునిసిపాలిటీ కూడా, పంచాయతీ కూడా. నేను రెండుసార్లు చదివాను. కార్వేటినగరం పక్కన వేపచెట్టు కింద కూర్చుని పాలవ్యాను గురించి చెప్పిన పెద్దావిడ ఈ చట్టం దృష్టిలో లోక్‌సభ సభ్యుడితో సమానం. ఇంత గౌరవం ఆమెకు ఇంకెక్కడా దొరికి ఉండదు. ఆ గౌరవం వల్లే నూటనలభై రూపాయల బస్సు ఛార్జీ ఆమె చేతిలో పెట్టడానికి మాకు వీల్లేదు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. ఆడిటర్ గారు మాత్రం తాపీగా చెప్పారు. "ఆలోచించు. పరాయి దేశం డబ్బు తిని ఓటేసే మెంబరు నీ ఊళ్ళో ఉంటే నీకు నచ్చుతుందా? చట్టం రాసినవాడి భయం అది. నీ నూటనలభై వాడి కళ్ళ ముందు లేదు." ఆయన మాటలో న్యాయముంది. ఆ భయం గురించి ఊళ్ళో ఆమె అడిగిన ప్రశ్న కూడా ఇదే కదా, వాళ్ళకేమొస్తాది అని.

మిగతా వరుసలు ఇంకా వేగంగా కూలిపోయాయి. పలమనేరులో మాకు తెలిసిన ఒక చిన్న మహిళా బృందానికి కొంత డబ్బిచ్చి అక్కడి ఊళ్ళు వాళ్ళతో చేయించాలనుకున్నాం. 2020 సెప్టెంబరు సవరణ తర్వాత విదేశీ డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. అంతకుముందు పాలనా ఖర్చులకు సగం దాకా వాడుకోవచ్చు, ఆ సవరణతో 20 శాతానికి దించారు. ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు, లెక్కలు రాసే అమ్మాయి జీతం అన్నీ అందులోనే సర్దాలి. ఈ సవరణల మీద కొన్ని సంస్థలు సుప్రీంకోర్టుకు పోయాయి, 2022 ఏప్రిల్‌లో కోర్టు అవి చెల్లుతాయనే చెప్పింది. కాబట్టి మాకు గొణుక్కోవడం తప్ప దారి లేదు. పెద్ద సంస్థలు తట్టుకుంటాయి. చిన్న ఊళ్ళో చిన్న సంస్థకు పెద్ద సంస్థ ద్వారా డబ్బు అందే దారి ఒకటి ఉండేది, అది మూసుకుపోయింది. నా మటుకు ఈ సవరణల్లో అన్నిటికంటే పెద్ద దెబ్బ అదే అంటాను.

కాఫీ తెప్పించి ఆడిటర్ గారు ఇంకో దారి చూపించారు. ఐక్యరాజ్యసమితిని ఈ చట్టం విదేశీ మూలంగా లెక్కించదు. అక్కడ ప్రజాస్వామ్య నిధి అని ఒకటి ఉంది. 2005లో మొదలైంది, మొదట్లోనే భారతదేశం, అమెరికా చెరో కోటి డాలర్లు వేశాయి. "మన డబ్బే, న్యూయార్కు చుట్టి వస్తుంది" అన్నారాయన. రాత్రి ఆఫీసులో కూర్చుని దాని నియమాలు చదివాను. గ్రాంటు లక్ష డాలర్ల నుంచి మొదలవుతుంది. లక్ష డాలర్లంటే 80 లక్షల పైమాటే. మా సంస్థ ఏడాది ఖర్చు అందులో సగం కూడా లేదు. ఇంత పెద్ద ముద్ద మా నోట పట్టదని మేడం ఒక్క మాటలో తేల్చేశారు. నేను వాదించలేదు.

మళ్ళీ మొదటికొచ్చాం. డబ్బు మెంబర్లకు పోకూడదు. మరి ఎవరికి? ఒక రోజంతా ఆఫీసులో ఐదుగురం కూర్చున్నాం, మధ్యలో బొరుగుల మసాలా తెప్పించుకుని. మా ఫీల్డు వర్కరు, ఇంటర్ చదివిన అమ్మాయి, ఎక్కువగా మాట్లాడదు, "అడిగితే చెప్పాల అన్నారు కదక్కా. చెప్పేవాళ్ళ గురించి ఆలోచిస్తా ఉండాం. అడిగేవాళ్ళ సంగతి చూద్దామా?" అంది.

ఆ తర్వాత ప్లాను దానంతటదే రాయించుకుంది. ఓటర్లు చట్టసభ సభ్యులు కారు. పొదుపు సంఘం ఆడవాళ్ళు గ్రామసభకు ముందు వారం ఒకచోట కూర్చుని, పంచాయతీ డబ్బు లెక్క చదవడం నేర్చుకుంటారు. లెక్కలు ఎక్కడో దాచిపెట్టినవి కావు. 2020 నుంచి ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే పోర్టల్లో ఏ పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి పోయింది ఫోనులోనే చూడొచ్చు. అప్పట్లో పదిహేనో ఆర్థిక సంఘం లెక్కన కేంద్రం నుంచి పంచాయతీకి వచ్చే డబ్బులో 60 శాతం నీళ్ళకూ పారిశుద్ధ్యానికీ పెట్టాల్సి ఉండింది, మిగతా 40 శాతం ఊరికి ఏది అవసరమైతే దానికి. ఈ ఒక్క సంగతి తెలిస్తే కుళాయి గురించి అడిగే పద్ధతే మారిపోతుంది. 'నీళ్ళు రావడం లేదు' అనడం వేరు, 'నీళ్ళకని వచ్చిన డబ్బులో మా వీధికి ఎంత పెట్టినారు' అనడం వేరు.

మెంబర్లు కూడా వచ్చి కూర్చోవచ్చు. వాళ్ళకు టీ ఇవ్వొచ్చా? నవ్వకండి, ఆడిటర్ గారికి ఫోన్ చేసి మరీ అడిగాం. "ఎందుకొచ్చిన గొడవ, మెంబర్ల టీ మీ లోకల్ డొనేషన్ల నుంచి పెట్టుకోండి" అన్నారు. అప్పటి నుంచి మా ఆఫీసులో ఫ్లాస్కులు రెండు. ఒకటి ఫారిన్ టీ, ఒకటి లోకల్ టీ. రుచి ఒకటే.

సెప్టెంబరు చివర్లో దాతృ సంస్థ ఆఫీసరుతో వీడియో కాల్. వాళ్ళకు ఉదయం పదకొండు, మాకు రెండున్నర. మర్యాదగా, ఓపిగ్గా మాట్లాడే మనిషి. ఆమె అడిగింది లాజికల్ ఫ్రేమ్‌వర్క్, లాగ్‌ఫ్రేమ్ అంటారు. 1969లో అమెరికా సహాయ సంస్థ కోసం తయారైన పట్టిక, ఇప్పుడు ఏ దాత దగ్గరికి పోయినా అదే. నాలుగు నిలువు గళ్ళు: ఏం సాధిస్తారు, దాన్ని ఏ అంకెతో కొలుస్తారు, ఆ అంకెకు సాక్ష్యం ఏది, ఏవి మీ చేతిలో లేవు. చూడటానికి మా అమ్మ రాసే పాల లెక్కలాగే ఉంటుంది. అమ్మ లెక్కలో లీటర్లు ఉంటాయి, ఇందులో ప్రజాస్వామ్యం ఉంటుంది.

'గ్రామసభల్లో మహిళల హాజరు మూడేళ్ళలో 30 శాతం పెరుగుతుంది' అని రాయమని ఆమె సలహా. సాక్ష్యం హాజరు పుస్తకం. బాగుంది. అయితే మొదలు ఎంత ఉందో రాయాలి కదా. ఆ కార్వేటినగరం వైపు పంచాయతీకి మళ్ళీ పోయి ఆగస్టు 23 నాటి పుస్తకం చూశాను. మహిళల సంతకాలు, వేలిముద్రలు కలిపి 112. నేను లెక్కపెట్టింది 43.

ఇక్కడ నేను ఇరుక్కుపోయాను. పుస్తకంలో ఉన్న 112 రాస్తే మా పని మొదలైన రోజే ఓడిపోతాం. ఎందుకంటే మేం నిజాయితీగా లెక్కపెట్టిస్తే అంకె తగ్గుతుంది, పెరగదు. పని బాగా చేసినకొద్దీ రిపోర్టులో నష్టం కనిపిస్తుంది. 43 రాస్తే దానికి సాక్ష్యం నా నోటుబుక్కు తప్ప ఏదీ లేదు, పైగా పుస్తకం అబద్ధమని ఒక విదేశీ సంస్థకు రాసిచ్చినట్టవుతుంది. రేపు ఆ కాగితం ఎవరి చేతికి పోతుందో, ఆ ఊళ్ళో మమ్మల్ని అడుగుపెట్టనిస్తారో లేదో. రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. నిజంగా టెన్షన్.

చివరికి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఊరి పేరు చెప్పలేదు. ఆమె కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "హాజరు కాకుండా ఇంకేం కొలవొచ్చు?" అని అడిగింది. ఈ ప్రశ్న అడిగినందుకు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది. చాలామంది అడగరు. అప్పుడు తట్టింది మినిట్స్ పుస్తకం. సభలో ఆడవాళ్ళు అడిగిన ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కిందా, లేదా. ఎక్కడం అంత తేలిక కాదు. 'ఆ, చూస్తాంలేమ్మా' అంటే ప్రశ్న గాలిలో పోతుంది. 'రాసుకోండి సార్' అని నిలబడితే కార్యదర్శి పెన్ను తియ్యాలి. రాసినదాన్ని తర్వాతి సభలో చదవాలి. ఊళ్ళో ఆడవాళ్ళు మాట్లాడటం అంటే నాకు ఇంతకంటే గట్టి కొలత తోచలేదు. హాజరు గడి పూర్తిగా తీసెయ్యడానికి ఆమె ఒప్పుకోలేదు, వాళ్ళ పైవాళ్ళకు అది కావాలట. తీర్మానాలు చదివే వేళకు ఉన్నవాళ్ళను మా వాళ్ళు విడిగా లెక్కపెట్టాలని, మొదటి అంకె 43 అని రాసుకున్నాం.

మాటల జాగ్రత్త గురించి కూడా చెప్పాలి. ఈ రంగంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఒక పెద్దాయన మా డ్రాఫ్టు చదివి, ప్రజాస్వామ్యం, హక్కులు, ఉద్యమం అన్న మాటల కింద గీతలు గీశారు. విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్‌లో సామాజిక, విద్య, ఆర్థిక, సాంస్కృతిక, మత సంబంధమైన పనులు అని ఐదు ఉంటాయి. ప్రజాస్వామ్యం అని గడి లేదు. మనది సామాజికం. రాజకీయ స్వభావం గల సంస్థ అని ముద్ర పడితే డబ్బు ఆగిపోతుంది. బందులూ ధర్నాలూ చేసినంత మాత్రాన, రాజకీయ లక్ష్యం లేకుంటే, అలా ముద్ర వెయ్యకూడదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆయన జాగ్రత్త ఆయనది. యూరప్‌కు పంపే కాగితంలో ప్రజాస్వామ్యం ప్రతి పేరాలోనూ ఉండాలి, ఇక్కడి కాగితంలో ఎక్కడా ఉండకూడదు. ఒకే పని, రెండు పేర్లు. అబద్ధం ఏమీ రాయలేదు కానీ రాస్తున్నంతసేపూ ఏదో పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ఉండింది.

దరఖాస్తు గడువుకు నాలుగు గంటల ముందు పంపాం. జనవరిలో తొలి జాబితాలో ఉన్నామని మెయిలు. అదే నెల 20న అమెరికా కొత్త అధ్యక్షుడు విదేశీ సహాయాన్ని 90 రోజులు ఆపమని ఆర్డరు వేశారు. మా దాతలు అమెరికా వాళ్ళు కాదు, మనకేం అనుకున్నాను. ఫిబ్రవరిలో బ్రిటన్ తన సహాయాన్ని జాతీయ ఆదాయంలో 0.5 శాతం నుంచి 2027కల్లా 0.3 శాతానికి తగ్గిస్తామంది. అక్కడ ఎండిపోయిన బావుల దగ్గరివాళ్ళంతా మిగిలిన బావుల దగ్గర వరస కట్టారు. ఏప్రిల్‌లో మాకు జవాబొచ్చింది. మూడేళ్ళు కాదు, ఒక ఏడాది. 24 పంచాయతీలు కాదు, ఆరు. 1961లో పుట్టిన ఆ అమెరికా సంస్థ, నా పట్టికకు మూలమైనది, జూలై 1 నాటికి మూతే పడింది. పట్టిక మాత్రం మిగిలింది.

డబ్బు ఢిల్లీలో సంసద్ మార్గ్ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో పడింది. 2020 సవరణ ప్రకారం దేశంలో ఎక్కడి సంస్థ అయినా విదేశీ డబ్బు ముందు అక్కడే తీసుకోవాలి, అక్కడి నుంచి సొంత ఊరి ఖాతాకు. మేడం ఆ ఢిల్లీ ఖాతా తెరవడానికి 2021లో పడిన పాట్లు ఇంకో రోజు రాస్తాను.

జూలైలో మొదటి సభ, అదే కార్వేటినగరం వైపు పంచాయతీలో. పొదుపు సంఘం ఆడవాళ్ళే అర్జీ పెట్టి టైము మధ్యాహ్నం రెండుకు మార్పించుకున్నారు. మా ఫీల్డు వర్కరు వారం ముందు నుంచే ఆ ఊళ్ళో ఉంది. మండలం నుంచి రావాల్సిన సారు మూడున్నరకు వచ్చారు. సభ మొదలైంది. ఆడవాళ్ళు వరసగా నాలుగు ప్రశ్నలు అడిగారు, కాగితం చూసి. మూడోది అడిగింది వార్డు మెంబరు, ఆ ముప్పై రెండేళ్ళామె, ఈసారి తన కుర్చీలో తనే. మొగుడు షామియానా కర్ర పక్కన నిలబడ్డాడు. "రాసుకోండి సార్" అని ఆమె అంటే కార్యదర్శి ఒకసారి అటు చూసి, పెన్ను తీశారు. నాలుగూ పుస్తకంలోకి ఎక్కాయి.

నాలుగున్నరకు రోడ్డు మీద హారన్ వినిపించింది. సగం మంది క్యాన్ల కోసం లేచారు.

ఆ వారం రిపోర్టు నింపాను. మినిట్స్‌లోకి ఎక్కిన ప్రశ్నలు: 4. జవాబు వచ్చినవి: 1. మహిళల హాజరు, మొదట 43, ఇప్పుడు 38. తగ్గుదలకు కారణం 20 పదాల్లో రాయమని పక్కన గడి ఉంది. పాలవ్యాను గంట ముందే వచ్చింది అని రాసి పంపాను.